ఊళ్ళో ఒంటరిగా మిగిలిన పెద్దలకు ఒక పూట సంగటి: ఏ ధాన్యం, ఎంత, ఎలా?

ప్రశ్న: మాది శ్రీ సత్యసాయి జిల్లా కదిరి దగ్గర ఒక పల్లె. పిల్లలు బెంగళూరుకు పనులకు పోగా ఊళ్ళో ఒంటరిగా మిగిలిపోయిన ముసలివాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. స్టోరు బియ్యం ఒక పూట వండుకొని ఊరగాయతోనో ఉత్త కారంతోనో తిని, మిగిలినదానిలో నీళ్ళు పోసుకొని మరుసటి పూట గడిపేవాళ్ళే ఎక్కువ. మా పొదుపు సంఘంలోని పదిమందిమి కలిసి వీళ్ళకు రోజూ ఒక పూట మంచి భోజనం పెట్టాలనుకుంటున్నాం. చిరుధాన్యాలు, దంపుడు బియ్యం మంచివని అందరూ అంటున్నారు గానీ కొర్ర బియ్యం ధర వింటే భయం వేస్తోంది. పెద్దవాళ్ళేమో "ఒకప్పుడు తిన్నాం, ఇప్పుడు మాకు అవి అరగవు" అంటున్నారు. ఏ ధాన్యం పెట్టాలి? ఎలా పెట్టాలి? చందాలు ఆగిపోయినా ఇది ఆగకుండా నడవాలంటే ఏం చేయాలి?

సమాధానం: మీరు రాసిన పరిస్థితి మీ ఒక్క ఊరిదే కాదు. వలసలు ఎక్కువగా ఉన్న ప్రతి మండలంలోనూ ఇటువంటి ఇళ్ళు కనిపిస్తాయి. ఆ ఇళ్ళలో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది, కుండలో అన్నం ఉంటూనే ఉంటుంది కాబట్టి అక్కడ ఆకలి ఉన్నదని బయటివాళ్ళకు తోచదు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద తలకు నెలకు వచ్చేది 5 కిలోలు. రోజుకు లెక్కవేస్తే 166 గ్రాములు, అంటే 600 కేలరీల లోపే. అరవై దాటిన స్త్రీకి రోజుకు సుమారు 1,500 కేలరీలు కావాలి. కుటుంబంలో నలుగురు ఉన్నప్పుడు పప్పో పాలో కూరగాయలో కలిసి ఆ లోటు ఎంతో కొంత పూడుతుంది. ఒక్కరే ఉన్నప్పుడు కూర వండుకోవాలనే ఉత్సాహమే పోతుంది, అన్నం ఒక్కటే మిగులుతుంది. అందుచేత మీరు తీర్చవలసినవి రెండు లోట్లు: ఒకటి పరిమాణంలో, మరొకటి పళ్ళెంలో అన్నం తప్ప మరేదీ లేకపోవడంలో.

ధాన్యం సంగతికి వెళ్ళేముందు ఒక పని చేయండి. ఆ ఇరవై మంది రేషను కార్డులు, పింఛను పుస్తకాలు ఒకసారి దగ్గర పెట్టుకొని చూడండి. 2000 సంవత్సరం డిసెంబరులో మొదలైన అంత్యోదయ పథకంలో కార్డుకు నెలకు 35 కిలోలు వస్తాయి. ఆధారం లేని వితంతువులు, ఏ ఆదరువూ లేని అరవై ఏళ్ళు పైబడినవాళ్ళు ఇంటిపెద్దగా ఉన్న కుటుంబాలను అందులో చేర్చవచ్చునని నిబంధనల్లోనే ఉన్నది. పిల్లల కార్డులో పేరు ఉండిపోయి, పిల్లలు బెంగళూరులో ఉండి, ఇక్కడ ముసలమ్మకు గింజ కూడా అందకపోవడం చాలాచోట్ల జరుగుతున్నది. ఆ పేరును వేరుచేయించి ఆమెకు సొంత కార్డు రాయించడానికి గ్రామ సచివాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది, నిజమే, కానీ మీరు పెట్టబోయే భోజనంతో సమానమైన మేలు అది. నెలకు రూ.4,000 వృద్ధాప్య పింఛను రానివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ దరఖాస్తు కూడా అప్పుడే పెట్టించండి.

ఇక ధాన్యం. మీ ప్రాంతానికి నేను చెప్పేది రాగి. దాని తరువాత జొన్న, సజ్జ. కొర్రలు, సామలు, అరికలు ఎంత మంచివైనా మీ పథకానికి ఇప్పుడే వద్దు. రాగి, జొన్న, సజ్జల పొట్టు కళ్ళంలో నూర్చినప్పుడే ఊడిపోతుంది. గింజను కడిగి ఎండబెట్టి ఊళ్ళోని పిండిమరలో ఆడిస్తే చాలు, గింజ మొత్తం పళ్ళెంలోకి వస్తుంది. కొర్ర, సామ, అరిక గింజలకు గట్టి పైపొట్టు ఉంటుంది. దాన్ని తీయడానికి ప్రత్యేకమైన యంత్రం కావాలి, ఆ ఖర్చు ధరలో చేరుతుంది. పైగా పొట్టు తీశాక తవుడు పొర కూడా పోయేదాకా పాలిష్ పట్టి, తెల్లగా మెరిసేట్టు చేసి అమ్మే కొర్ర బియ్యం బజారులో చాలా ఉన్నది. అటువంటిదానికి అంత డబ్బు పోసి కొంటే పీచులో గాని, బి విటమిన్లలో గాని తెల్ల బియ్యం కంటే మీకు ఒరిగేది కొంచెమే. కొనక తప్పనప్పుడు మెరుపు లేకుండా, కొద్దిగా బూడిద రంగో పసుపో తిరిగి, చేతికి తవుడు అంటేదాన్ని ఎంచుకోండి. దంపుడు బియ్యం విషయమూ ఇంతే. మంచిదే, కానీ తవుడులోని నూనె వల్ల త్వరగా మక్కు వాసన వస్తుంది, ఉడకడానికి సమయమూ వంటచెరకూ ఎక్కువ పడతాయి, పళ్ళు లేనివాళ్ళు నమలలేరు.

రాగికి నేను ఓటు వేయడానికి మరొక కారణం ఎముకలు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. పీచు తెల్ల బియ్యంలో కంటే మూడింతలకు పైగా ఎక్కువ. ఇనుము కూడా బియ్యంలో కంటే చాలా మేలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఆ సర్వే మీ పెద్దలను లెక్కించలేదు గానీ, ఆ వయసంతా అదే రక్తహీనతతో గడిపి వచ్చినవాళ్ళే వాళ్ళు.

"ఇప్పుడు మాకు అరగవు" అన్న మాటను దయచేసి కొట్టిపారేయకండి. మీ జిల్లాలో వేరుశనగ సాగు పెరిగేకొద్దీ రాగి, కొర్ర, జొన్న పొలాల్లోంచి తప్పుకున్నాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వంటింట్లోంచీ తప్పుకున్నాయి. ఆ బియ్యం ఎన్ని లక్షల ఇళ్ళలో ఆకలి తీర్చిందో మరిచిపోకూడదు. కానీ నలభై ఏళ్ళు తెల్ల అన్నానికి అలవాటుపడిన కడుపు ఒక్కసారిగా ఇంత పీచు వస్తే ఉబ్బరిస్తుంది, నీళ్ళు తక్కువ తాగితే మలబద్ధకం కూడా వస్తుంది. కాబట్టి మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులే, అదీ ఉదయం పూట అంబలితో మొదలుపెట్టండి. రాత్రి రాగిపిండిని నీళ్ళలో కలిపి మట్టికుండలో ఉంచి, పులిసిన ఆ పిండిని ఉదయం కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ వేసి ఇవ్వండి. పులియడం వల్ల గింజలోని ఫైటిక్ ఆమ్లం తగ్గి ఇనుము, జింకు మెరుగ్గా ఒంటబడతాయి, అరుగుదల కూడా తేలిక అవుతుంది. మరీ నీరసించినవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు ఉంటే మొలకెత్తించిన రాగిపిండి వాడండి. రాగులను రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఒకటి రెండు రోజులకు మోసులు వచ్చాక నీడలో ఆరబెట్టి, మోసులు నలిపి తీసేసి, దోరగా వేయించి ఆడించాలి. ఇలా చేసిన పిండితో కాచిన జావ చిక్కబడదు. మామూలు పిండితో గరిటె నిలిచేంత చిక్కగా అయ్యే చోట, ఈ పిండితో తాగడానికి వీలుగానే ఉంటుంది. అందుకే నాలుగు గుక్కలకు మించి తాగలేని మనిషి కడుపులోకి కూడా ఎక్కువ గింజ వెళుతుంది. చంటిపిల్లలకు ఈ పిండినే పెట్టడంలోని కిటుకు కూడా ఇదే.

కడుపు అలవాటుపడ్డాక మధ్యాహ్నానికి సంగటి పెట్టవచ్చు. మీకు సంగటి చేయడం నేర్పవలసిన పని లేదు, పాళ్ళ గురించి మాత్రం ఒక మాట. హోటళ్ళలో సగానికి సగం బియ్యం వేసి, పైపైన రాగిపిండి చల్లి సంగటి అంటున్నారు. మీరు నూకలు ఒక వంతు, రాగిపిండి నాలుగు వంతులు తీసుకోండి. నూకలు బాగా మెత్తబడేదాకా ఎక్కువ నీళ్ళలో ఉడకనిచ్చి, పిండిని కుప్పగా పోసి, కలపకుండా కట్టెతో నాలుగైదు చోట్ల పొడిచి, మూత పెట్టి సన్నని మంట మీద మగ్గనివ్వండి. పిండి లోపలి దాకా ఉడికి, పచ్చివాసన పోయి, ఆవిరితో పాటు కమ్మని వాసన వచ్చాకే తెడ్డుతో ఎనపండి. పిండిని ముందే కలిపితే ఉండలు కడతాయి, లోపల పచ్చిగా ఉంటాయి, అరగలేదన్న ఫిర్యాదు చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. పిండిని సన్నని జల్లెడ పట్టకండి. జల్లెడలో మిగిలే ముదురు రంగు పొరలోనే పీచు, కాల్షియం ఎక్కువగా ఉంటాయి.

ఇక్కడ మీరు గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. చిరుధాన్యాల మంచితనం గురించి ఈ రోజుల్లో వినిపించే మాటల్లో ఇది తరచుగా జారిపోతున్నది. ముడిధాన్యం ఒక్కటే తింటే మనిషి బాగుపడడు. దానికి మన దగ్గరే రుజువు ఉన్నది. ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో ఏడాది పొడుగునా జొన్న తప్ప మరేదీ దొరకని పేద కూలీలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలేచోట మెడమీద, ముంజేతులమీద చర్మం నల్లబడి పొరలు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, కొందరికి మతి చలించేది. హైదరాబాదులో పోషకాహార పరిశోధన చేసిన డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు ఈ జబ్బును పరిశీలించి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు ఎక్కువ కావడం వల్ల శరీరం నియాసిన్ అనే విటమిన్‌ను సరిగా వినియోగించుకోలేకపోతున్నదని 1960లో ప్రతిపాదించారు. ఆ తరువాత జనం తిండిలో జొన్నతోపాటు ఇతర పదార్థాలు కలిసేకొద్దీ ఆ జబ్బు దాదాపుగా కనుమరుగైంది. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు. ఒంటరి జొన్న మాత్రం ప్రమాదమే. ఒంటరి బియ్యం కూడా అంతే ప్రమాదమని బాగా పాలిష్ పట్టిన బియ్యం తినే ప్రాంతాల్లో, బి1 విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు చాటిచెప్పింది.

అదృష్టవశాత్తు రాగికి, జొన్నకు తోడు కావలసిన వస్తువు మీ జిల్లా పొలాల్లోనే పండుతున్నది. వేరుశనగలో నియాసిన్, మాంసకృత్తులు, నూనె మూడూ సమృద్ధిగా ఉంటాయి. సంగటిలోకి వేరుశనగతో నూరిన పచ్చడి, అదే ఊరుబిండి, నంజుకోవడం మీ సీమ అలవాటు, దాన్ని రోజూ తప్పకుండా చేయండి. దానికి తోడు ఒక పప్పు కూర. కందిపప్పు ఖరీదు అనిపించిన రోజున ఉలవలు, అనపగింజలు, అలసందలు వాడండి. ఆకుకూర కొననవసరం లేదు. మునగాకు, చెంచలాకు, గురుగాకు గట్ల మీద దొరుకుతాయి, పప్పులో వేసి ఎనిపితే పళ్ళు లేనివాళ్ళకు కూడా ఇబ్బంది ఉండదు. తినేముందు కాసింత నిమ్మరసం పిండితే ఆ ఆకులోని, గింజలోని ఇనుము ఎక్కువగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం మాన్పించండి, గంటసేపు ఆగమనండి. టీలోని వగరు ఇనుమును ఒంటబట్టనివ్వదు.

పరిమాణం చెబుతాను. మనిషికి ఒక పూటకు నూకలతో కలిపి 100 గ్రాముల గింజ, 30 గ్రాముల పప్పు, 15 గ్రాముల వేరుశనగ. ఇందులో సుమారు 500 కేలరీలు, 17 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. ఇరవై మందికి రోజుకు 2 కిలోల గింజ, నెలకు 60 కిలోలు, ఏడాదికి ఏడుంబావు క్వింటాళ్ళు. మొత్తం రాగులే అనుకుని, 2025-26 సంవత్సరానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.4,886 చొప్పున లెక్కవేసినా ఏడాది ధాన్యానికి అయ్యేది సుమారు 35,700 రూపాయలు. మీ పదిమందికి పంచితే తలకు నెలకు 300 రూపాయలు. పప్పు, వేరుశనగ, వంటచెరకు దీనికి అదనం. అయినా మీరు భయపడినంత పెద్ద మొత్తం కాదని మీకే తెలుస్తుంది.

చందాల మీద నడిచే భోజనం గురించి మీ భయం సబబైనదే. దసరాకు, పుట్టినరోజులకు డబ్బు వస్తుంది, వేసవిలో రాదు. అందుకే డబ్బు కూడబెట్టడం కంటే గింజలు కూడబెట్టడం మేలని నా అభిప్రాయం. తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో మహిళా సంఘాలు 1990ల మధ్యలో చేసిన పని మీకు దారి చూపుతుంది. ఆ సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత స్త్రీలు. బీడుపడిన చెలకలను సాగులోకి తెచ్చుకోవడానికి రైతులకు పెట్టుబడి ఇచ్చారు, దాన్ని డబ్బుగా కాక కొన్నేళ్ళపాటు జొన్నల రూపంలో తిరిగి తీసుకున్నారు, ఆ జొన్నలను ఏ ఊరివి ఆ ఊళ్ళోనే నిలవచేసి, పనులు దొరకని నెలల్లో పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. గింజ బయటి నుంచి రాలేదు, ఆ ఊరి మట్టిలోనే పండింది. ఎవరు నిజంగా ఆకలితో ఉన్నారో కూడా అధికారులు నిర్ణయించలేదు, ఊరివాళ్ళే కూర్చొని ఒక్కొక్క ఇంటి గురించి మాట్లాడుకొని నిర్ణయించారు. మరీ పేదలకు ఎక్కువ గింజ, కొంచెం మెరుగైనవాళ్ళకు తక్కువ గింజ వచ్చేట్టు కార్డులు ఇచ్చారు.

మీకు అంత పెద్ద ఏర్పాటు అవసరం లేదు. మీ ఊళ్ళో ఇద్దరు ముగ్గురు రైతులను ఒప్పించి, వేరుశనగలో కొంత తగ్గించి ఒక రెండెకరాల్లో రాగి వేయించండి. సాళ్ళ మధ్య కంది, అనప వేస్తే పప్పు కూడా ఆ చేలోనే వస్తుంది. విత్తనానికి, కలుపుకు మీ పొదుపు నుంచి పెట్టుబడి ఇచ్చి, పంట వచ్చాక గింజగా తీసుకోండి. ధర ముందే మాట్లాడుకోండి, అది మద్దతు ధరకు తగ్గకూడదు. ముసలివాళ్ళ కడుపు నింపడానికి రైతు నష్టపోవడం న్యాయం కాదు. మీ జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తున్నది, అక్కడి రైతులు సేంద్రియ పద్ధతిలో చిరుధాన్యాలు పండిస్తున్నారు. విత్తనం గురించి, పొట్టు తీసే యంత్రాల గురించి వాళ్ళను అడగవచ్చు. రాగుల్లో ఇంకొక సౌకర్యం ఉన్నది. బాగా ఎండబెట్టి తడి తగలకుండా దాచితే ఏళ్ళ తరబడి చెడిపోవు, పురుగు కూడా సులభంగా పట్టదు. కరువు ప్రాంతపు పెద్దలు పాతరల్లో రాగిని దాచుకున్నది ఆ గుణాన్ని ఎరిగే. పిండి మాత్రం పది పదిహేను రోజులకు సరిపడా మించి ఆడించకండి, సజ్జపిండి అయితే వారానికి మించి ఉంచకండి, చేదెక్కుతుంది.

వడ్డించే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి పనులు ఎక్కువగా చెడేది అక్కడే. 1950ల తొలినాళ్ళ కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు నడిచాయి. వాటి ముందు చట్టి పట్టుకొని నిలబడినవాళ్ళ బిడ్డలే మీ ఊళ్ళో ఇప్పటి పెద్దలు. మళ్ళీ వరుసలో నిలబెడితే నిజంగా ఆకలిగా ఉన్నవాళ్ళే ముందు మానేస్తారు. గుడి అరుగు మీదనో, చెట్టు కిందనో అందరూ కలిసి కూర్చొని తినే ఏర్పాటు చేయండి, కదలలేనివాళ్ళకు ఇంటికే పంపండి. పంపే గిన్నె మీద సంఘం పేరు, దాత పేరు రాయించవద్దు, ఫోటోలు తీయవద్దు. ఓపిక ఉన్నవాళ్ళకు ఆకు ఏరడం, పప్పు రుద్దడం, వేరుశనగ వలవడం వంటి పనులు అప్పగించండి. వాళ్ళలో సంగటి కట్టె తిప్పడంలో మీకంటే చేయి తిరిగినవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఏ కూర వండాలో, ఉప్పు ఎంత వేయాలో వాళ్ళనే అడగండి.

కొన్ని జాగ్రత్తలు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు రాగి అంటే ఎంతైనా తినవచ్చునన్న నమ్మకం ఉన్నది, అది సరికాదు. పిండి ఎంత మెత్తగా, జావ ఎంత పలచగా ఉంటే రక్తంలో చక్కెర అంత వేగంగా పెరుగుతుంది. వాళ్ళకు జావ కంటే పప్పు, ఆకుకూరలతో చిన్న ముద్ద సంగటి మేలు. బెల్లం వేసిన మాల్టు ఇవ్వకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నదని తెలిసినవాళ్ళ విషయంలో వైద్యుడిని అడిగాకే మార్చండి. మీ వైపు బావినీళ్ళలో ఫ్లోరైడు ఉంటే వంటకు, తాగడానికి శుద్ధిచేసిన నీళ్ళే వాడండి. సంగటికి, అంబలికి నీళ్ళు ఎక్కువ పడతాయి గనుక ఈ విషయంలో అశ్రద్ధ వద్దు.

రాగి విత్తే అదను తొలకరి తరువాత వస్తుంది, కోతలు కార్తీక మార్గశిరాల్లో. కాబట్టి రైతులతో మాట ఎండాకాలంలోనే పూర్తికావాలి, కొత్త గింజ చేతికి వచ్చేదాకా సరిపడా రాగులు ఒకేసారి కొని పెట్టుకోవాలి. ఒకవేళ మీ స్టోరులో బియ్యానికి బదులుగా రాగులో జొన్నలో ఇస్తుంటే ఆ ఇరవై కార్డుల మీద కొంత భాగం అలా తీసుకోమని పెద్దలకు చెప్పండి, సాయంత్రం పూట వాళ్ళు ఇంట్లో కాచుకోవడానికి పనికివస్తుంది. భోజనం మొదలుపెట్టిన రోజునే అందరి బరువూ తూచి ఒక నోటుపుస్తకంలో రాయండి, అంగన్‌వాడీలో గర్భిణులను తూచే యంత్రం ఉంటుంది, టీచరును అడిగితే ఇస్తారు. ఆపైన నెలకొకసారి తూచండి. మూడు నెలలు కడుపునిండా తిన్నాక కూడా ఎవరి బరువైనా తగ్గుతూనే ఉంటే తిండిలో లోపం కోసం వెతుకుతూ కూర్చోకుండా వాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళి క్షయ, చక్కెర పరీక్షలు చేయించండి.